'యాంబిగ్యుయస్ నేమ్ డిటెక్టెడ్': ఎక్సెల్ మాక్రోల్లో పేర్లు ఎక్కడ ఢీకొంటాయి, ఎక్కడ ఢీకొనవు

బాగా నడుస్తున్న ఎక్సెల్ ఫైల్‌లోకి ఎవరో ఇంకో ఫైల్ నుంచి నాలుగు లైన్ల మాక్రో తెచ్చి పేస్ట్ చేస్తారు. కాసేపటికి పాత బటన్ నొక్కితే 'కంపైల్ ఎర్రర్: యాంబిగ్యుయస్ నేమ్ డిటెక్టెడ్' అని బాక్స్ వస్తుంది. నొక్కిన బటన్ వెనక ఉన్న మాక్రోని ఎవరూ ముట్టుకోలేదు, అయినా అది ఆగిపోయింది. చాలామందికి టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే, ఎందుకంటే తప్పు ఉన్న చోటు ఒకటి, కేక వినిపించే చోటు ఇంకొకటి.

దీనికి కారణం మామూలుదే. మాక్రోలు రాసే భాష వీబీఏ. అది ఒక సబ్‌ని నడపబోయే ముందు ఆ సబ్ ఉన్న మాడ్యూల్ మొత్తాన్ని కంపైల్ చేస్తుంది, అంటే చదివి తప్పులు చూసి సిద్ధం చేసుకుంటుంది, కాబట్టి అదే మాడ్యూల్‌లో కింద ఎక్కడో ఒకే పేరుతో రెండు సబ్‌లు ఉంటే పైనున్న అమాయకపు సబ్ కూడా కదలదు. అయితే 'డూప్లికేట్ నేమ్ ఎర్రర్' అని మనం ఒక్క మాటలో అనేస్తున్నది నిజానికి ఒక ఎర్రర్ కాదు. కనీసం నాలుగైదు వేర్వేరు సమస్యలు ఆ పేరుతో తిరుగుతున్నాయి. కొన్నిటిని కోడ్ ఎడిటర్ పట్టుకుంటుంది, కొన్నిటిని మాక్రో నడిచేటప్పుడు వర్క్‌బుక్ పట్టుకుంటుంది, కొన్నిటిని అసలెవరూ పట్టుకోరు. నా దృష్టిలో భయపడాల్సింది ఆ చివరి రకానికే.

పేరు ఒకటే, పరిధి వేరు

ముందు పదాలు తేల్చుకుందాం. 'సబ్' లేదా 'ఫంక్షన్' అంటే పేరున్న ఒక కోడ్ ముక్క. కొన్ని సబ్‌లు, ఫంక్షన్లు కలిసి ఉండే పేజీ 'మాడ్యూల్'. ఒక వర్క్‌బుక్‌లోని మాడ్యూళ్లన్నీ, షీట్ల వెనకుండే కోడ్ పేజీలతో సహా, కలిపితే 'ప్రాజెక్ట్'. దానికి బయట, టూల్స్ మెనూలో రిఫరెన్సెస్ కింద టిక్ పెట్టిన లైబ్రరీలు ఉంటాయి. ఒక పేరు ఎంత మేర చెల్లుతుందో అది దాని పరిధి, అంటే స్కోప్.

వీబీఏకి ఒక పేరు కనపడితే లోపలి నుంచి బయటికి వెతుకుతుంది: ముందు ఆ సబ్‌లో, తర్వాత ఆ మాడ్యూల్‌లో, తర్వాత మిగతా ప్రాజెక్ట్‌లో, చివరికి లైబ్రరీల్లో. ఎక్కడ దొరికితే అక్కడ ఆగిపోతుంది. దీనివల్ల రెండు సంగతులు తేలతాయి. వేర్వేరు మెట్ల మీద ఒకే పేరు ఉంటే గొడవ లేదు, లోపలిది బయటిదాన్ని కప్పేస్తుంది. ఒకే మెట్టు మీద రెండు ఉంటే మాత్రం ఏది తీసుకోవాలో తెలియదు, అప్పుడే ఎర్రర్.

గొడవ లేదు అన్నాను గానీ, అది వీబీఏకి లేదు, మనకి ఉండొచ్చు. మాడ్యూల్ పైన 'పబ్లిక్ టోటల్ యాజ్ డబుల్' అని రాసి (అంటే ప్రాజెక్ట్ అంతటికీ కనపడే ఒక వేరియబుల్, విలువ దాచుకునే పేరు), కింద ఒక సబ్‌లో మర్చిపోయి మళ్లీ 'డిమ్ టోటల్ యాజ్ డబుల్' అని (ఆ సబ్‌కే చెందే వేరియబుల్‌ని) రాశామనుకోండి. కోడ్ చక్కగా నడుస్తుంది. సబ్‌లో లెక్కేసిన 4,500 లోపలి టోటల్‌లోకి వెళ్తుంది, సబ్ పూర్తవగానే అది పోతుంది, పైనున్న టోటల్ సున్నాగానే మిగిలిపోతుంది. రిపోర్ట్‌లో సున్నా వచ్చిందంటే జనం ముందు ఫార్ములాని అనుమానిస్తారు, పేరుని కాదు.

ఒకే మాడ్యూల్‌లో రెండుసార్లు: అసలు సిసలు 'యాంబిగ్యుయస్ నేమ్'

ఇది ఎక్కువగా వచ్చేది షీట్ ఈవెంట్ల దగ్గర, అంటే షీట్‌లో ఏదైనా జరగగానే దానంతటది నడిచే సబ్‌ల దగ్గర. సెల్ మారగానే తేదీ పడాలని ఒకచోట దొరికిన 'వర్క్‌షీట్_ఛేంజ్' సబ్‌ని షీట్ కోడ్‌లో పెడతాం. ఇంకోరోజు, డ్రాప్‌డౌన్‌లో ఒకటికి మించి ఎంచుకునే వీలు కావాలని ఇంకో 'వర్క్‌షీట్_ఛేంజ్' తెచ్చి దాని కింద పేస్ట్ చేస్తాం. విడివిడిగా రెండూ సరైన కోడే. కానీ ఆ ఈవెంట్ పేరు ఎక్సెల్ పెట్టింది, ఒక షీట్‌కి అది ఒక్కటే ఉండాలి. ఒకదాని పేరు 'వర్క్‌షీట్_ఛేంజ్2' అని మారిస్తే ఎర్రర్ పోతుంది నిజమే, కాకపోతే ఆ సబ్ ఇక ఎప్పటికీ దానంతటది నడవదు, ఎందుకంటే ఆ పేరుతో ఎక్సెల్‌కి ఏ ఈవెంటూ తెలియదు. ఎర్రర్ మాయమైంది కాబట్టి సమస్య తీరిందని అనుకోవడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు.

రెండు పనులూ జరగాలంటే ఒక్క 'వర్క్‌షీట్_ఛేంజ్'లోనే రెండు షరతులు ఉండాలి. మారిన సెల్ బీ కాలమ్‌లో ఉందా అని 'ఇంటర్‌సెక్ట్'తో చూసి, ఉంటే తేదీ వేసే పని. డీ కాలమ్‌లో ఉందా అని చూసి, ఉంటే డ్రాప్‌డౌన్ పని. రెండు పాత కోడ్ ముక్కలనీ మామూలు పేర్లున్న సబ్‌లుగా మార్చి, ఈ షరతుల దగ్గర్నుంచి పిలిచినా అదే ఫలితం. ఒక చిక్కు మాత్రం ఉంటుంది. నెట్‌లో దొరికే ఇలాంటి కోడ్ చాలావరకు మొదటి లైన్లోనే 'నా కాలమ్ కాకపోతే ఎగ్జిట్ సబ్' అంటుంది. రెంటినీ అలాగే ఒకదాని కింద ఒకటి అతికిస్తే మొదటి ఎగ్జిట్ దగ్గరే అంతా ముగిసిపోయి, రెండో భాగానికి వంతు రాదు.

ఇతర భాషల నుంచి వచ్చినవాళ్లకి ఇంకో ఆశ్చర్యం: వీబీఏలో ఓవర్‌లోడింగ్ లేదు. ఒక ఆర్గ్యుమెంట్‌తో (పిలిచేటప్పుడు ఇచ్చే విలువతో) ఒక 'సేవ్‌రిపోర్ట్', రెండు ఆర్గ్యుమెంట్లతో ఇంకో 'సేవ్‌రిపోర్ట్' రాస్తే జావాలో సరే అంటుంది, ఇక్కడ ఒప్పుకోదు. 'ఆప్షనల్' ఆర్గ్యుమెంట్‌తో ఒకే సబ్‌గా రాయాలి. పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా కూడా వీబీఏ పట్టించుకోదు, ఇంగ్లిష్‌లో 'టోటల్' అన్న పేరుని ఎలా రాసినా ఒకటే పేరు. ఒక్క మినహాయింపు ప్రాపర్టీలకుంది. 'ప్రాపర్టీ గెట్', 'ప్రాపర్టీ లెట్', 'ప్రాపర్టీ సెట్' మూడూ ఒకే పేరుతో పక్కపక్కనే ఉండొచ్చు, అవి ఒకే తలుపుకి రాకపోకల లాంటివి.

ఈ ఎర్రర్ సబ్‌లకే పరిమితం కాదు. మాడ్యూల్ పైన ఉన్న వేరియబుల్‌కీ కింద ఉన్న ఫంక్షన్‌కీ ఒకే పేరున్నా వస్తుంది. రెండు 'ఈనమ్'లలో (పేర్లు పెట్టిన స్థిర విలువల జాబితాల్లో) 'నన్' అనే ఒకే సభ్యుడున్నా వస్తుంది. విండోస్ సొంత ఫంక్షన్లని పిలవడానికి రాసే విండోస్ ఏపీఐ 'డిక్లేర్' లైన్ల సంగతీ అంతే. ఆఫీస్ 2010తో వచ్చిన వీబీఏ 7 కోసం 'పీటీఆర్‌సేఫ్' ఉన్న లైను, పాతవాటి కోసం అది లేని లైను అని రెండు రకాలు దొరుకుతాయి. వాటి చుట్టూ ఉన్న హ్యాష్‌తో మొదలయ్యే 'ఇఫ్ వీబీఏ7' షరతుని వదిలేసి రెండు లైన్లు మాత్రమే కాపీ చేస్తే ఒకే పేరు రెండుసార్లు పడుతుంది. షరతు ఉంటే కంపైలర్‌కి ఒక్కటే కనపడుతుంది కాబట్టి గొడవ రాదు.

రెండు మాడ్యూళ్లలో ఒకే పేరు: నెలల తరబడి నిద్రపోయే తప్పు

మాడ్యూల్1లో ఒక పబ్లిక్ 'క్లీన్‌డేటా', మాడ్యూల్2లో ఇంకో పబ్లిక్ 'క్లీన్‌డేటా' ఉన్నాయనుకోండి. ఫైల్ తెరిస్తే ఏమీ కాదు. మాడ్యూల్1లోని కోడ్ 'క్లీన్‌డేటా'ని పిలిస్తే తనది తనకి దొరుకుతుంది. మాడ్యూల్2 కూడా తనదే వాడుకుంటుంది. ఎప్పుడో ఒకరోజు మాడ్యూల్3లో ఎవరో ఆ పేరు రాస్తారు, అప్పుడు పేలుతుంది. నిన్నటిదాకా నడిచింది కదా అంటే నడిచింది, ఎవరూ బయటి నుంచి అడగలేదు కాబట్టి.

ఎడిటర్‌లో డీబగ్ మెనూ కింద ఉండే 'కంపైల్' ఇలాంటప్పుడే పనికొస్తుంది. మాక్రో నడిపి చూడటం అంటే ఆ దారిలో ఉన్న కోడ్‌ని మాత్రమే పరీక్షించడం, కంపైల్ అంటే ప్రాజెక్ట్ మొత్తాన్ని చదివించడం. అది ఒకసారికి ఒక్క తప్పే చూపించి ఆగుతుంది, కాబట్టి ఒకటి సరిచేశాక మళ్లీ నొక్కితే ఇంకొకటి బయటపడొచ్చు. పేరు మీద కర్సర్ పెట్టి షిఫ్ట్, ఎఫ్2 కలిపి నొక్కితే ఆ పేరు ఎక్కడ పుట్టిందో అక్కడికి వెళ్తుంది. కంట్రోల్ ఎఫ్‌లో 'కరెంట్ ప్రాజెక్ట్' ఎంచుకుంటే రెండో ప్రతి కూడా దొరుకుతుంది.

పిలిచేటప్పుడు 'మాడ్యూల్1.క్లీన్‌డేటా' అని ఇంటిపేరుతో సహా రాస్తే ఏది కావాలో స్పష్టం. లేదా ఒకదాని ముందు 'ప్రైవేట్' పెడితే అది బయటికి కనపడదు. ఇంతకీ ఆ ఫంక్షన్ సెల్ ఫార్ములాలో వాడేదైతే బాక్స్ కూడా రాదు, సెల్‌లో హ్యాష్ గుర్తుతో 'నేమ్?' అని కనపడుతుంది. ఫార్ములా స్పెల్లింగ్ తప్పేమో అని గంటలు వెతికే సందర్భం ఇది.

మాడ్యూల్‌కీ దానిలో ఉన్న సబ్‌కీ ఒకే పేరు పెట్టడం దీనికి చుట్టం. మాడ్యూల్ పేరు 'ఇన్‌వాయిస్', లోపల సబ్ పేరూ 'ఇన్‌వాయిస్'. వేరే మాడ్యూల్ నుంచి పిలిస్తే 'ఎక్స్‌పెక్టెడ్ వేరియబుల్ ఆర్ ప్రొసీజర్, నాట్ మాడ్యూల్' అంటుంది. డూప్లికేట్ అన్న మాటే అందులో లేదు, అందుకే వెంటనే తట్టదు.

'డూప్లికేట్ డిక్లరేషన్ ఇన్ కరెంట్ స్కోప్': ఒక సబ్ లోపలి గొడవ

ఇది ఒకే సబ్‌లో ఒక వేరియబుల్‌ని రెండుసార్లు 'డిమ్' చేసినప్పుడు వచ్చేది. విని ఇంత తేలికా అనిపిస్తుంది గానీ, అసలు చిక్కు వీబీఏలో బ్లాక్ స్కోప్ (ఇఫ్, లూప్ లాంటి ఒక్కో ముక్కకి విడి పరిధి) లేకపోవడంలో ఉంది. 'ఇఫ్' లోపల 'డిమ్ ఐ యాజ్ లాంగ్', 'ఎల్స్' లోపల మళ్లీ 'డిమ్ ఐ యాజ్ లాంగ్' అని రాస్తే, రెండూ ఒకేసారి నడవవు కదా అని మన వాదన. వీబీఏ లెక్కలో సబ్ మొత్తానికి ఒకటే పరిధి, ఎక్కడ రాసినా ఆ 'ఐ' సబ్ అంతటికీ చెందుతుంది. ఆర్గ్యుమెంట్‌గా వచ్చిన పేరునే లోపల మళ్లీ డిమ్ చేసినా, ఫంక్షన్ లోపల ఆ ఫంక్షన్ పేరుతోనే వేరియబుల్ పెట్టినా ఇదే ఎర్రర్.

బ్లాక్ స్కోప్ లేకపోవడానికి ఎర్రర్ ఇవ్వని ఇంకో ముఖం ఉంది. లూప్ లోపల 'డిమ్ మొత్తం యాజ్ లాంగ్' అని రాసి, ప్రతి రౌండ్‌లో అది సున్నా నుంచి మొదలవుతుందనుకుంటాం. కాదు. మొదటి రౌండ్‌లో 10, రెండో రౌండ్‌లో 20 కలిపితే రెండో రౌండ్ చివర 30 ఉంటుంది, 20 కాదు. సున్నా కావాలంటే లూప్ మొదట్లో 'మొత్తం = 0' అని విడిగా చెప్పాలి.

'ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్' (ప్రతి వేరియబుల్‌నీ ముందే డిక్లేర్ చేయాలనే లైన్) లేని మాడ్యూళ్లలో ఇది మరీ తికమక పెడుతుంది. పైన 'ప్రైస్ = 5' అని వాడేసి, నాలుగు లైన్ల కింద 'డిమ్ ప్రైస్ యాజ్ డబుల్' అని రాస్తే డూప్లికేట్ డిక్లరేషన్ అంటుంది. డిమ్ ఒక్కటే ఉంది, మరి రెండోది ఏది? వాడిన క్షణాన వీబీఏ తనంతట తానే ఒక 'ప్రైస్'ని పుట్టించేసింది, మన డిమ్ రెండోదైంది. 'ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్' ఉండుంటే అదే చోట 'వేరియబుల్ నాట్ డిఫైన్డ్' అని సూటిగా చెప్పేది.

డిమ్‌లన్నీ సబ్ మొదట్లోనే పెట్టాలా, వాడే చోట దగ్గర్లో పెట్టాలా అన్న వాదన ఇక్కడి నుంచే పుడుతుంది. మొదట్లో పెడితే రెండుసార్లు రాయడం కంటికి వెంటనే కనపడుతుంది, వీబీఏ పరిధికి అది అద్దంలా సరిపోతుంది కూడా. దగ్గర్లో పెట్టేవాళ్లేమో, రెండొందల లైన్ల సబ్‌లో పైకీ కిందకీ తిరగాల్సిన పని తప్పుతుంది, వాడని వేరియబుళ్లు మిగిలిపోవు అంటారు. సబ్‌లు చిన్నవైతే ఈ వాదనకి పెద్ద అర్థం లేదు, పై నుంచి కింది దాకా ఒకే స్క్రీన్‌లో కనపడుతుంది కాబట్టి.

కోడ్ సరిగ్గానే ఉంది, వర్క్‌బుక్ ఒప్పుకోలేదు

ఇప్పటిదాకా చెప్పినవి నడవకముందే వచ్చేవి. నడిచేటప్పుడు వచ్చేవాటిలో ముఖ్యమైనది 1004. ఆ నంబర్ ఎక్సెల్‌లో వంద కారణాలకి వస్తుంది కాబట్టి నంబర్‌ని కాక, కింద ఉన్న వాక్యాన్ని చదవాలి. 'ఆ పేరు ఇప్పటికే వాడుకలో ఉంది' అనే అర్థంలో మెసేజ్ ఉంటే అది షీట్ పేరు సమస్య.

ఒక ఉదాహరణ. కస్టమర్ల జాబితా చదివి ఒక్కొక్కరికీ ఒక షీట్ తయారుచేసే మాక్రో. షీట్ పేరు 31 అక్షరాలు మించకూడదు కాబట్టి, రాసినవాళ్లు జాగ్రత్తపరులై, పేరుని 'లెఫ్ట్'తో 31 దగ్గర కోసేశారు. జాబితాలో ఒకే పొడవాటి కంపెనీ పేరుతో రెండు లైన్లున్నాయి, చివర్లో 'నార్త్', 'సౌత్' అన్న మాటలే తేడా. కోశాక రెండూ ఒకటే అయ్యాయి, రెండోదాని దగ్గర 1004. జాబితాలో ఎంత వెతికినా డూప్లికేట్ దొరకదు, ఎందుకంటే దాన్ని పుట్టించింది మాక్రోనే. పెద్దక్షరాల తేడాని షీట్ పేర్లు కూడా లెక్కచేయవు. చార్ట్ షీట్లు కూడా అదే పేర్ల పట్టికలో ఉంటాయి, అందుకని పేరు ఉందో లేదో 'వర్క్‌షీట్స్'లో మాత్రమే వెతికితే చాలదు, 'షీట్స్'లో వెతకాలి.

దీన్ని ఎదుర్కోవడానికి రెండు పద్ధతులు. పేరు ముందే ఉందా అని చూసి, ఉంటే వెనక ఒక నంబర్ తగిలించేది ఒకటి. 'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్' (ఎర్రర్ వచ్చినా ఆగకుండా తర్వాతి లైన్‌కి వెళ్లమనే లైన్) పెట్టి ప్రయత్నించి, ఎర్రర్ వస్తే అప్పుడు చూసుకునేది రెండోది. రెండోదాంట్లో తప్పేమీ లేదు, నిజానికి వీబీఏలో షీట్ ఉందో లేదో తెలుసుకోవడానికి చాలామంది అనుభవజ్ఞులు వాడేది అదే. చెడేది ఎక్కడంటే, ఆ లైన్‌ని సబ్ పైన పెట్టేసి మర్చిపోయినప్పుడు. షీట్ చేర్చడం ఒక అడుగు, పేరు పెట్టడం ఇంకో అడుగు. పేరు పెట్టడం విఫలమైనా చేర్చడం జరిగిపోయింది కాబట్టి, 'షీట్7', 'షీట్8' అంటూ అనాథ షీట్లు పోగవుతుంటాయి, ఆ కస్టమర్ల డేటా వాటిలో పడి ఉంటుంది.

457 అనే ఎర్రర్ కలెక్షన్ల నుంచి, డిక్షనరీల నుంచి (విలువలని 'కీ' అనే పేరుతో దాచుకునే జాబితాల నుంచి) వస్తుంది: ఈ కీ ఇప్పటికే ఉంది అని. ఆసక్తికరమైన సంగతి, ఈ రెంటికీ 'ఒకే పేరు' అంటే అర్థం వేరు. కలెక్షన్ కీలలో పెద్దక్షరాలు చిన్నక్షరాలు ఒకటే. డిక్షనరీ మొదట్లో తేడా చూస్తుంది, చూడొద్దంటే ఏదీ చేర్చకముందే 'కంపేర్‌మోడ్' మార్చాలి. ఇంకా, డిక్షనరీకి 101 అనే అంకె, '101' అనే టెక్స్ట్ రెండు వేర్వేరు కీలు. ఒక కాలమ్‌లో సగం అంకెలుగా, సగం టెక్స్ట్‌గా ఉంటే డూప్లికేట్లు తీసేశామన్న జాబితాలోనే డూప్లికేట్లు కనపడతాయి. కలెక్షన్ నుంచి డిక్షనరీకి మారిన రోజున ఎర్రర్లు తగ్గాయని సంతోషించేముందు ఇది చూసుకోవాలి.

డిఫైన్డ్ నేమ్స్, అంటే సెల్‌లకి మనం పెట్టుకునే పేర్ల కథ ఇంకోలా ఉంటుంది. 'రేట్' అనే పేరు వర్క్‌బుక్ మొత్తానికీ ఒకటి ఉండొచ్చు, ప్రతి షీట్‌కీ సొంతంగా ఒకటి ఉండొచ్చు, ఎక్సెల్‌కి అభ్యంతరం లేదు. ఆ పేరు సూచించే షీట్‌ని అదే వర్క్‌బుక్‌లో కాపీ చేస్తే, కొత్త షీట్‌కి సొంత 'రేట్' చడీచప్పుడు లేకుండా పుడుతుంది. ఆ తర్వాత మామూలు మాడ్యూల్‌లో 'రేంజ్'కి 'రేట్' అని ఇస్తే, ఏ షీట్ తెరిచి ఉందో దాన్నిబట్టి విలువ మారుతుంది. అదే షీట్‌ని వేరే వర్క్‌బుక్‌లోకి కాపీ చేస్తే, అక్కడ ఆ పేరు ముందే ఉంటే, ఏది ఉంచాలని అడుగుతూ బాక్స్ వస్తుంది, మాక్రో మధ్యలో ఆగుతుంది. 'డిస్‌ప్లే అలర్ట్స్' ఆపేస్తే బాక్స్ రాదు, కానీ ప్రశ్నకి జవాబు మన తరఫున ఎక్సెలే ఇచ్చేసుకుంటుంది.

ఎర్రర్ లేకుండా నష్టం చేసేవి

ప్రాజెక్ట్‌లో ఎవరో 'రిప్లేస్' అనే సొంత పబ్లిక్ ఫంక్షన్ రాశారనుకోండి. లైబ్రరీ కంటే ప్రాజెక్ట్ ముందు కాబట్టి, ఆ ఫైల్‌లో అన్ని 'రిప్లేస్'లూ ఇక దానికే వెళ్తాయి. అసలుది కావాలంటే 'వీబీఏ.రిప్లేస్' అనాలి. ఒక సబ్‌లో 'లెఫ్ట్' అనే పేరుతో స్ట్రింగ్ వేరియబుల్ పెట్టి, కింద 'లెఫ్ట్' ఫంక్షన్ వాడబోతే 'ఎక్స్‌పెక్టెడ్ అరే' అంటుంది, పేరు కప్పబడిందని చెప్పదు.

లైబ్రరీల మధ్య కూడా ఇంతే. డీఏఓ, ఏడీఓ డేటాబేస్‌లతో పనిచేసే రెండు లైబ్రరీలు. డీఏఓలోనూ 'రికార్డ్‌సెట్' ఉంది, ఏడీఓలోనూ ఉంది. రెండూ టిక్ పెట్టి ఉంటే, రిఫరెన్సెస్ జాబితాలో పైనున్నది గెలుస్తుంది. ఒకరి కంప్యూటర్‌లో నడిచిన కోడ్‌ని ఇంకో ఫైల్‌లో పెడితే 'టైప్ మిస్‌మ్యాచ్' రావడానికి ఆ వరుస మారడం కారణం కావచ్చు. 'ఏడీఓడీబీ.రికార్డ్‌సెట్' అని పూర్తిగా రాస్తే వరుసతో పని లేదు.

2007లో ఎక్సెల్ కాలమ్‌లు 256 నుంచి 16,384కి పెరిగాయి, ఎక్స్‌ఎఫ్‌డీ దాకా. దాంతో ఇంగ్లిష్‌లో 'ట్యాక్స్2020' అని పెట్టుకున్న పేర్లు అకస్మాత్తుగా నిజమైన సెల్ అడ్రస్‌లైపోయాయి. అప్పటిదాకా చెల్లిన పేరు, ఒక అక్షరం మార్చకుండానే, ఒక సెల్‌తో ఢీకొంది.

పేర్లకు ముందు తోకలు తగిలించాలా

ఇన్ని గొడవలకీ విరుగుడుగా కొందరు ప్రతి పేరుకీ ఒక గుర్తు ముందు పెడతారు: మాడ్యూళ్లకి ఒకటి, గ్లోబల్ వేరియబుళ్లకి ఒకటి, స్ట్రింగ్‌లకి ఒకటి. పేరు చూడగానే ఎక్కడిదో తెలుస్తుంది, లైబ్రరీ పేర్లతో ఢీకొనే అవకాశం దాదాపు ఉండదు. పడనివాళ్ల మాటేమిటంటే, టైప్ మారినప్పుడు గుర్తు మార్చడం ఎవరూ చేయరు, రెండేళ్లకి ఆ గుర్తులే అబద్ధాలు చెబుతాయి. గుర్తుల బదులు 'ప్రైవేట్'ని అలవాటుగా వాడి, పరిధినే చిన్నది చేస్తే ఢీకొనడానికి పేర్లే మిగలవని వాళ్ల వాదన. నేను రెండో వైపు మొగ్గుతాను, మాడ్యూల్ పేర్ల విషయంలో తప్ప. మాడ్యూల్‌కి 'మాడ్' అని ముందు పెట్టడం వల్ల సబ్‌తో ఢీకొనే అవకాశం సులువుగా పోతుంది, అది ఎప్పటికీ అబద్ధం కాదు.

గూగుల్ షీట్స్‌కి మారినవాళ్లకి మాత్రం ఈ లెక్కలు తిరగబడతాయి. అక్కడి యాప్స్ స్క్రిప్ట్ జావాస్క్రిప్ట్, ప్రాజెక్ట్‌లోని ఫైళ్లన్నిటికీ ఒకే గ్లోబల్ పరిధి. ఒకే పేరుతో రెండు ఫంక్షన్లుంటే కంపైలర్ ఆపదు, తర్వాత లోడైనది ముందుదాన్ని తుడిచేసి నడుస్తుంది. 'కాన్స్ట్' లేదా 'లెట్'తో ఒకే పేరుని గ్లోబల్‌గా రెండుసార్లు పెడితే మాత్రమే, ఆ పేరు ముందే డిక్లేర్ అయిందని సింటాక్స్ ఎర్రర్ వస్తుంది.